ముందుగదిలో గంధరాజం

ఎండలు ముదరకముందే మా పక్క పోర్షన్ పెద్దమ్మ పోయింది. ఆదివారం చర్చికని చీర కట్టుకుని, మంచం మీద కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. ప్రభువు పిలిచాడన్నారు పాస్టరుగారు. అంత తొందరేమొచ్చిందని ఆ పూట ప్రభువు మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. మాది కోవూరు దగ్గర వరి పండించే కుటుంబం. మా ఆయన పోయాక మైపాడు బడికి బదిలీ చేయించుకుని, ఒక్కదాన్నే వచ్చి ఆవిడ పక్కన అద్దెకు దిగాను. ఆవిడ భర్త పడవ ఇంజన్లు బాగుచేసేవాడట, ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. నన్ను "టీచరమ్మా" అనేది, నేను "పెద్దమ్మా" అనేదాన్ని.

గంధరాజాన్ని ఇంట్లో పెంచేవాళ్ళను మీరు చూశారో లేదో. మైపాడులో బయట పెడితే అది బతకదు. సముద్రపు ఉప్పుగాలికి ఆకు అంచులు మాడిపోతాయి. అందుకే పెద్దమ్మ దాన్ని ముందుగదిలో, తూర్పు కిటికీ కింద కుండీలో పెట్టింది. ఉప్పటి బోరునీళ్ళు చుక్క కూడా తగలనిచ్చేది కాదు. వానపడితే చూరుకింద బిందెలు పెట్టేది, వానల్లేనప్పుడు తాగే నీళ్ళ క్యాన్‌లోంచి ముందు దానికి, తర్వాత తనకి. అప్పుడప్పుడు పుల్లమజ్జిగను బాగా పలచన చేసి పోసేది. తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది. మొగ్గ తొడిగిందంటే మాత్రం కుండీని అంగుళం కూడా జరపనిచ్చేది కాదు.

"కదిలిస్తే అలిగి మొగ్గలన్నీ రాల్చేస్తది. అచ్చం నీ మాదిరే" అనేది.

ఏడాది పొడుగునా పచ్చగానే ఉండేది, పూసే కాలం వస్తే ఇల్లంతా వాసనే. ఇంతా చేసి ఆ పూలు పెట్టుకునే తల లేదు! ఆవిడ సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. మా వాళ్ళలో భర్త పోయినవాళ్ళు పెట్టుకోరు. పూలన్నీ గాజుగ్లాసులో నీళ్ళు పోసి వేసేది, మేమిద్దరం వాటి ముందు కూర్చుని టీ తాగేవాళ్ళం.

"ఒకటి పెట్టుకోమ్మే, ముచ్చటగా ఉంటావు" అంది ఒకసారి.

"మావాళ్ళు చూస్తే నన్ను బతకనిస్తారా పెద్దమ్మా?"

"ఆ కోవూరోళ్ళకి పనేం లేదా, బస్సెక్కొచ్చి నీ కొప్పు చూసేదానికి?"

నాకు ఒళ్ళు మండింది. "మీరు మాత్రం పెట్టుకుంటారా?" అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "నేను దేవుడికి మాటిచ్చినాను. నువ్వు జనానికి భయపడినావు. రెండూ ఒకటేనా?"

కొన్నాళ్ళు మొహం ముడుచుకు తిరిగాను. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. పువ్వు పూసినప్పుడల్లా తలుపు తట్టి, "ఈ రోజన్నా పెట్టుకుంటావా?" అని అడిగేది. నేను లేదనేదాన్ని. సరేలే అని వెళ్ళి గ్లాసులో వేసుకునేది.

ఆవిడ పోయిన రోజు ముందుగదిలో శవపెట్టె దించడానికి చోటు కావాలని ఎవరో కుండీని ఎత్తి వాకిట్లో పెట్టారు. పాపం, మంచికే చేశారు. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళు మొక్క వాడిందని జాలిపడి బోరునీళ్ళు చెంబులతో పోశారు. సమాధి దగ్గర్నుంచి వచ్చి చూస్తే మొగ్గలన్నీ నేలమీద ఉన్నాయి. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. ఆవిడది ఆ ఊళ్ళో మిగిలింది అదొక్కటే, అది కూడా పోతే నాకింక ఎవరున్నారనిపించింది.

కుండీని నా ముందుగదిలోకి మోసుకొచ్చాను. మట్టి మార్చాను, మాడిన కొమ్మలు కత్తిరించాను, క్యాన్ నీళ్ళు పోశాను. ఆకులు పండి రాలుతూనే ఉన్నాయి. "నువ్వు కూడా పోతావా, పో!" అని తిట్టాను కూడా. బడి నుంచి రాగానే చెప్పులు విప్పకుండా కిటికీ దగ్గరికే వెళ్ళేదాన్ని. వానలు మొదలయ్యాక కొమ్మ చివర రెండు లేత ఆకులు, వాటి మధ్య ఒక మొగ్గ కనిపించాయి.

అది ఈ రోజు పొద్దున విచ్చింది. కోసి, అద్దం ముందు నిలబడి కొప్పులో పెట్టుకున్నాను. బడికి వెళ్ళాను. పిల్లలు పాఠం అప్పజెప్పారు, హెడ్మాస్టరుగారు హాజరు అడిగారు, తిరుగు దారిలో చేపలమ్మేవాళ్ళు ఎప్పటిలాగే బేరానికి పిలిచారు. ఇన్నేళ్ళు నేను భయపడిన జనంలో ఒక్కరు కూడా నా తలవైపు చూడలేదు. చూసి సంబరపడేది ఆవిడ ఒక్కతే.

ఇంటికి వచ్చేసరికి పువ్వు పసుపురంగుకు తిరుగుతోంది. పెద్దమ్మ తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తలుపుకు వీపు పెట్టి, కొప్పు కనబడేలా, కాసేపు అక్కడే నిలబడ్డాను.