సైరన్ కొన్న ఇటలీ కారు

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ సైరన్ అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అంబులెన్సు డ్రైవరే. రిటైరైన రోజున తాళాలు బల్లమీద పెట్టి, ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుని ఇంటికి నడిచి వచ్చాడు.

బతుకంతా బండిని పరిగెత్తించిన మనిషికి వేగమంటే ఏమిటో తెలియదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం. ఆయన వేగంగా పోయిన ప్రతిసారీ వెనకాల ఎవరో ఒకరు చావుబతుకుల్లో ఉండేవారు. బండి ఖాళీ అయితే మెల్లగా నడపాలని రూలు. పరుగులో సరదా ఉంటుందని ఆయన పక్కవాళ్ళ మాటల్లో విన్నదే.

"ఒక్కసారి, వెనకాల మూలుగు లేకుండా రివ్వున పోవాలనుంది" అన్నాడు ఒకనాటి పొద్దున, భార్యతో. "మంచి కారులో."

ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. "నన్ను తీసుకెళ్తారా?"

"నువ్వు లేకుండానా?"

"ఏమో. ఇన్నాళ్ళూ మీ బండిలో నన్ను పడుకోబెట్టి తీసుకెళ్ళడమే గానీ కూర్చోబెట్టిన పాపాన పోలేదు."

ఆవిడది ఎముకలు గుల్లబారే జబ్బు. ఒకసారి బకెట్టు ఎత్తబోతే మణికట్టు విరిగింది. ఇంకోసారి గట్టిగా దగ్గితే పక్కటెముక. ప్రతిసారీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే, ఆవిడ వెనకాల, ఆయన ముందు, మధ్యలో రేకు గోడ. ఈసారి తుంటి ఎముక గనక పోతే ఇక లేచి నడవడం ఉండదని డాక్టరు చెప్పేశాడు. అప్పటినుంచి ఆవిడ గోడలు పట్టుకుని నడుస్తోంది. మంచాన పడేలోపు ఒక్కసారి ఆవిడని నలుగురిలా పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలి. ఆయన మనసులో ఉన్నది అదే.

పై వాటాలో ఉండే బావమరిది గడియారాలు బాగుచేస్తాడు. ఇద్దరే పట్టే ఇటలీ కారు కొనబోతున్నారని తెలియగానే మెట్లు దిగి వచ్చాడు.

"ఇద్దరు పట్టే కారు కొని ఏం చేస్తావు బావా?"

"ముగ్గుర్ని ఎక్కించుకోకుండా ఉంటాను."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"నీ కొట్లో. అక్కడైతే అందరికీ టైమైనా చెప్తావు."

"చూశావా అక్కా, మీ ఆయనకి రిటైరయ్యాక నోరు లేచింది."

"లేవనీరా. ఇన్నాళ్ళూ బండే అరిచింది కదా" అంది ఆవిడ.

కారు అమ్ముతానన్నది ఒక పళ్ళ డాక్టరు. ఆయన ఇంటి కింద షెడ్డులో గుడ్డ కప్పి ఉంది. గుడ్డ లాగితే ఎర్రగా, పల్చగా, నేలకి అతుక్కుపోయినట్టుంది. ఇటలీలో చేసిందే, కాకపోతే చేతులు మారి వచ్చింది.

"ఎందుకు అమ్మేస్తున్నారు?" అన్నాడు సైరన్.

"నడుం నొప్పి. పైగా ఇది అలిగే రకం. నాలుగు రోజులు పలకరించకపోతే స్టార్టవదు. ఇంట్లో ఒకరి అలకే తీర్చలేకపోతున్నాను, ఇంకొకటా?"

సైరన్ నవ్వలేదు. రోజూ డ్యూటీ ఎక్కేముందు అంబులెన్సుని ఎలా చూసేవాడో అలా చూడసాగాడు. టైర్ల గాట్లలో వేలు పెట్టి చూశాడు. బ్రేకు కిందికి దిగిపోతుందేమోనని తొక్కి పట్టుకుని పెదాలు కదుపుతూ కాసేపు లెక్కపెట్టాడు. కింద పడుకుని నూనె ఎక్కడైనా కారుతోందేమోనని తడిమాడు. ఇంజను కోసం ముందు మూత ఎత్తితే అక్కడ సంచి పెట్టుకునే గొయ్యి మాత్రమే ఉంది. ఇంజను సీట్ల వెనక ఉందని పళ్ళ డాక్టరు చూపించాడు. పేషంటు ఉండాల్సిన చోట ఇంజను. అది చూడగానే ఆయనకి ఎందుకో ఒళ్ళు తేలికైంది. డ్రైవరు సీట్లోకి జారి, వీధి చివరిదాకా పోయి వచ్చి, బేరం ఆడకుండా సరేనన్నాడు. రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా దానికే పోయింది.

అన్నీ చూశాడు. పక్క సీట్లో మాత్రం కూర్చుని చూడలేదు. అంబులెన్సులో ఆ సీటు నర్సుది. అందులోకి ఎలా ఎక్కుతారో, ఎలా దిగుతారో చూసుకునే పని ఆయనకి ఎన్నడూ పడలేదు.

మర్నాడు ఉదయం ఆవిడ మంచి చీర కట్టుకుని, గోడ వెంబడి వీధిలోకి వచ్చింది. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ లోపలికి వంగి చూసింది.

"ఇదేంటండీ, నేల మీద కూర్చోవడమా?"

అప్పుడు చూశాడు ఆయన. సీటు ఆవిడ మోకాలి కన్నా కిందెక్కడో ఉంది. "వద్దులే, పద లోపలికి" అన్నాడు.

"ముస్తాబై వీధిలోకొచ్చాక వద్దంటారేంటి? అందరూ చూస్తున్నారు. పట్టుకోండి."

చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. మనుషుల్ని పైకెత్తడం ఆయనకి అలవాటే, స్ట్రెచరు మీదికి ఎంతమందిని ఎత్తాడో. ఇంత కిందికి ఎవరినీ దించలేదు. ఇరుకు తలుపు సందు ఆయన నడుం వంగనివ్వలేదు. చివరి జానెడూ ఆవిడ ఆయన చేతుల్లోంచి జారి సీట్లో చతికిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏమైనా అయిందా?"

కాసేపటికి కళ్ళు తెరిచింది. "ఏం కాలేదు. తలుపు వేయండి."

ఊరి బయట కొత్తగా వేసిన వెడల్పు రోడ్డు ఖాళీగా ఉంది. కాలు నొక్కగానే వెనకాల ఇంజను ఒక్క పెట్టున లేచింది. చెట్లు, స్తంభాలు, కిలోమీటరు రాళ్ళు వెనక్కి పారిపోయాయి. ఆయనకి నవ్వొచ్చింది. ఎవరికోసమూ కాకుండా, ఎక్కడికీ కాకుండా ఇంత వేగంగా పోవచ్చన్నమాట. బిగ్గరగా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు.

పక్కకి మాత్రం చూడలేదు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పని డ్రైవరని ఆస్పత్రిలో ఆయనకి పేరు. వెనక మూలుగు ఆగిపోయిందంటే ప్రమాదమని ఆయనకి తెలుసు, అలాంటప్పుడే ఇంకాస్త తొక్కేవాడు. ఇక్కడ ఇంజను హోరులో పక్కన ఉన్న మౌనం ఆయన చెవికి అందలేదు. మురిసిపోతోంది, మాట రావడం లేదనుకున్నాడు.

తిరిగి వచ్చి, వీధిలో ఆపి, చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తీసి చెయ్యి చాచాడు.

ఆవిడ చెయ్యి ఇవ్వలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. కింది పెదవి మీద పళ్ళ గాట్లు, రక్తం. కుడి పాదం పక్కకి వాలిపోయి ఉంది. అలా వాలిన పాదాలు ఆయన చాలా చూశాడు. డాక్టరు చెప్పక్కర్లేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"కూర్చున్నప్పుడే."

ఆయన వీధిలోనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదం కదలకుండా పట్టుకున్నాడు. లేపే వీలు లేదు, కదిపితే ఇంకా విరుగుతుంది. ఆస్పత్రికి బావమరిది ఫోన్ చేశాడు.

అంబులెన్సు వచ్చింది. కొత్త డ్రైవరు, నర్సు దిగారు. కారు పైకప్పు మరీ కింద ఉండటంతో పేషంటుని మోసే చెక్క ఆవిడ కిందికి దూర్చడానికే చాలాసేపు పట్టింది. ఎండ మొహాన పడకుండా బావమరిది తలుపు మీదుగా గొడుగు పట్టాడు. ఆవిడని చెక్క మీదికి లాగుతున్నప్పుడు మాత్రం మూలిగింది. వీధంతా వినపడింది.

"బాబాయ్, మీరు ముందెక్కండి" అన్నాడు కొత్త డ్రైవరు.

"వెనకాల కూర్చుంటాను" అన్నాడు సైరన్.

దారిలో ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఆపేసేవారు."

"ఆపనా మరి?"

"అందుకే చెప్పలేదు. మీ కోసమని ఏమీ అనుకోకండి. ఇంకోసారి ఎక్కనని తెలిసిపోయింది. ఆపాలనిపించలేదు."

ఆవిడ మళ్ళీ లేవలేదు. కారుని పళ్ళ డాక్టరే సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు.

దూరపు చుట్టాలు చూడ్డానికి వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చునేవారు. "ఎలా విరిగిందమ్మా?" అని అడిగేవారు.

"బాత్రూంలో జారాను" అనేది ఆవిడ.

జరిగింది కళ్ళారా చూసిన ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఆ మాటకి తలాడించేవారు. సైరన్ గుమ్మం దగ్గర నిలబడి వినేవాడు. కాదని చెప్పేయాలని నోటిదాకా వచ్చేది. అప్పుడు ఆవిడ ఆయన వైపు ఒక చూపు చూసేది.

"కాస్త మంచినీళ్ళు తెస్తారా?" అనేది.

ఆయన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళేవాడు.