పాత పేపరులో పడవవాడు

కోడలు సాధించిన మొదటి ఘనకార్యం, కాలేజీ లైబ్రరీలో కన్నతండ్రిని వెతికి పట్టుకోవడం.

పడవ నడిపే ఆ తండ్రి, వరదలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తూ తానే కొట్టుకుపోయాడు. అప్పటికామె ఉయ్యాలలో ఉంది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఆ రోజు పేపరువాళ్లు ఫోటో తీశారని తల్లి చెప్పిన మాటే ఆమె ఆస్తి. నలభయ్యో ఏట కాలేజీలో చేరి, ఫస్టు క్లాసు తెచ్చుకుని, ఉపన్యాస పోటీల్లో కప్పు గెలిచిందని మామగారు ఊరంతా చాటుతాడు. ఆమె చేరింది మాత్రం ఆ ఫోటో కోసమే.

"వరద వచ్చిన రోజు పేపరంతా జల్లెడ పట్టాను, మామయ్యా. ఎక్కడా లేదు."

"ఓసి పిచ్చితల్లీ, ఆ పేపరు తెల్లారేసరికే అచ్చయిపోయిందిగా. వరద వచ్చింది మధ్యాహ్నం. వాళ్లేమన్నా సోది చెప్పేవాళ్లా?"

ఆమె నవ్వుకుంటూ వెళ్లి మర్నాటి పేపరు తెరిచింది. పండుటాకులాంటి పేజీ నీళ్లలోంచి తేలినట్టు లైబ్రరీ కంప్యూటరు తెరమీదికి వచ్చింది. పడవ, గడకర్ర, తలపాగా కనిపించాయి. ముఖం మాత్రం మసక. అయినా నది తన ఒడిలోకొచ్చి ఆగినట్టు, ఆమె అలాగే కూర్చుండిపోయింది.

లైబ్రేరియనమ్మ ఆ వరద మీద ఒక ప్రొఫెసరు రాసిన వ్యాసం వెతికి ఇచ్చింది. అసలు ఫోటో పట్నం కాలేజీ లైబ్రరీలో భద్రంగా ఉందని దాని చివర రాసి ఉంది.

"అందులో ముఖం తేటగా ఉంటుందంటావా, మామయ్యా?"

"వెళ్లి కాపీ తీయించుకు రా. నేనూ మా వియ్యంకుణ్ణి చూడాలిగా."

కోడలు నిన్న పొద్దుటి బండికి పట్నం వెళ్లింది. పద్నాలుగో తేదీ, గురువారం కాపీతో తిరిగొస్తుంది.