రెండున్నర ఫీట్ల అడుగు

నేను ముప్పై ఏండ్లు నల్లగొండ జిల్లాల సర్వేయర్‌గ పనిచేసిన. ఈ మాట ఎన్ని పెండ్లిండ్లల్ల, ఎన్ని బస్సులల్ల చెప్పిన్నో లెక్కలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్న గనుక జర సవరించుకుంట: సర్వేయర్ కాదు, చైన్‌మన్. సర్వేయర్ సారు నీడల కుర్సీ ఏసుకొని గీతలు గీస్తుంటే, గొలుసు కొస పట్టుకొని పల్లేరుకాయలల్ల నడిచినోన్ని. సారు తప్పు గీస్తే తిట్లు కూడ నాకే పడేటియి, ఎందుకంటే రైతుకు దగ్గర నిలబడ్డది నేనే.

అయితే గొలుసు లేకున్నా కొలిచే విద్య నాకున్నదని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడ నేనే. బడి పుస్తకంల అడుగంటే పన్నెండు అంగుళాలు. నా అడుగంటే రెండున్నర ఫీట్లు. దున్నిన నేలైనా, బీడైనా, కడుపు నిండినా, మాడినా అంగుళం తేడా రాదని నలభై ఏండ్ల సంది చెప్తున్న. చెప్పంగ చెప్పంగ జనం నమ్మిన్రు, ఆఖరికి నేను కూడ నమ్మిన. రాష్ట్రం వచ్చినంక రోడ్డు పొంటి భూములకు రేట్లు లేచి, అన్నదమ్ములు జానెడు జాగ కోసం మాటలు బంద్ చేసుకునే కాలం వచ్చింది. గప్పుడు నా కాళ్లకు గిరాకి ఇంకా పెరిగింది.

అండ్ల భాగంగనే మా అక్క కొడుకులు నన్ను అడిగిన్రు. రామన్నపేట దగ్గర వాళ్లకు ఒక చెలక ఉన్నది. మా బావ పొయినంక రెండేండ్లు ఇద్దరు కలిసే పత్తి పెట్టిన్రు, ఇగ సగం సగం పంచుకుందామనుకున్నరు. పెద్దోడు తెచ్చిన టేపును చిన్నోడు నమ్మడు, చిన్నోడు తెచ్చిన టేపును పెద్దోడు నమ్మడు. "మామ అడుగులేస్తే ఒప్పుకుంటం" అన్న ఒక్క మాట మీద మాత్రం కలిసిన్రు. పత్తి ఏరుడు అయిపోంగనే దినం పెట్టుకున్నం. గా మాట విన్నకాడికెళ్లి నేను చిట్యాల బజారుల నడిచే తీరే మారింది. రోడ్డును కొలుసుకుంట నడిచిన.

గప్పుడే మా ఇంటామె కాలు అడ్డం పెట్టింది.

దానికీ కారణం నేనే. రోజు పొద్దుగాల అయిదు కిలోమీటర్లు ఉరుకుత అని చాయ్ హోటల్ల చెప్పుకుంట తిరిగిన. నిజం చెప్పాలంటే ఉరికేది హోటల్ కనవడ్డంక యాభై గజాలే, మిగిలినంత నడుచుడే. అయినా అడుగులైతే లెక్కవెట్టేది, అండ్ల అబద్ధం లేదు. ఆరువేల అయిదువందల అరవై అడుగులు, అడుగుకు రెండున్నర ఫీట్లు, అంటే అయిదు కిలోమీటర్లు. ఒకరోజు గా యాభై గజాల ఉరుకుడు జర ఎక్కువ చేసిన. ఇంటికొచ్చి కడప మీద కూలవడ్డ. దవాఖానల డాక్టరమ్మ మిషన్ల కాగితాలు చూసి, "నడువు పెద్దయ్యా, మంచిదే. గుండె నిమిషానికి నూట ఇరవై దాటనియ్యకు. దాటితే నిలవడు" అన్నది.

ఇంటికొచ్చినంక మా ఇంటామె తీర్పు చెప్పింది.

"యాడ వడ్డవో నాకు తెల్వాలె. పడే ముందు గుండె ఎంత కొట్టుకున్నదో తెల్వాలె. గా రెండు చెప్పేదేదన్న చేతికి కట్టుకో. లేదంటే ఉరుకుడు బంద్, గెట్టు కాడికి పోవుడు బంద్."

"మరి వాళ్ల పంపకం?"

"టేపులు రెండున్నయి గదా. చెరొకటి మెడల ఏసుకుంటరు."

చదువుకున్నోళ్లు జీపీఎస్ అని, హార్ట్ రేట్ అని పెద్దగ చెప్పేది గిదే. మా ఇంటామె బడికి పోలే గని ఏం కావాలెనో రెండు మాటలల్ల చెప్పింది. దుకాణపోళ్లు రెండు గంటలల్ల గూడ చెప్పలేకపొయిన్రు.

చిట్యాలల సెల్‌ఫోన్ల దుకాణం భాయ్ నాకు ఎరుకనే. వాళ్ల నాయిన ఇంటి జాగ కొలిచినప్పుడు గొలుసు పట్టింది నేనే. పొయ్యేసరికి బల్ల మీద అరడజను గడియారాలు పరిచిండు.

"చాచా, గిది చూడు. నిద్రకు మార్కులు ఏస్తది. రక్తంల గాలి చెప్తది. నూరు రకాల ఆటలు ఉన్నయి, ఈత గూడ."

"నాకు ఈత రాదు."

"రాకపోతే ఏంది, గడియారానికి వస్తది. నీళ్లల్ల వడ్డా ఏం గాదు."

"గడియారానికి ఏం గాదు, బాగనే ఉన్నది. మరి నాకు?"

రేటు గూడ నవ్వొచ్చేటంత తక్కువ. చేతికి కట్టుకుంటే వెనుక పచ్చ లైటు మెరిసి డెబ్బై ఎనిమిది అని చూపెట్టింది. మస్తు సంబురపడ్డ. గని నేను చైన్‌మన్‌ను. గొలుసు చేతికిస్తే ముందుగాల దాని కడీలు, అంటే లంకెలు, లెక్కవెట్టే అలవాటు. సంచిల అంగట్ల కొన్న సొరకాయ ఉండె. గడియారం విప్పి దానికి కట్టిన. జరసేపు ఆలోచించింది. డెబ్బై ఆరు.

భాయ్ సొరకాయ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "తబియత్ మంచిగున్నది చాచా, నీకన్న రెండు తక్కువనే."

గట్ల సొరకాయతోని నాలుగు గడియారాలు తప్పిపొయినయి. రెండింటికి మాత్రం సొరకాయ ఎన్నిసార్లు కట్టినా గీతలు తప్ప ఏం రాలే. నేను కట్టుకుంటే అంకె వచ్చింది. గా రెండిట్ల ఒకటి అద్దం లెక్క మెరుస్తది, వేలు పెడితే బొమ్మలు కదులుతయి. ఇంకోటి పాత మోడల్, పక్కలకు మీటలు, నల్లగ, చూస్తే కొనబుద్ధి కాదు.

"గీ మెరిసేదానికి జీపీఎస్ ఉన్నదా?"

"ఉన్నది గని ఫోన్ల కెళ్లి వస్తది. ఫోన్ ఎంబడి ఉండాలె."

"అంటే అరువు జీపీఎస్."

"గా నల్లదానికి సొంతది ఉన్నది. సీదా ఆకాశంలకెళ్లి పడ్తది."

గొలుసు రెండో కొస ఇప్పుడు ఆకాశంల పట్టుకుంటున్నరన్న మాట. మా కాలంల గా కొస పట్టినోనికి దాహమైతే పని ఆగేది.

ఎవ్వరి మాటా నమ్మ, రోడ్డు మీద కొలిచి చూస్త అన్న. రామన్నపేట దిక్కు పొయ్యే రోడ్డుకు కిలోమీటర్ రాళ్లు ఉన్నయి. రాయి నుంచి రాయికి నడుస్త, రెండు గడియారాలు రెండు చేతులకు కట్టుకుంట, ఏది సరిగ్గ చెప్తే గదే కొంట. భాయ్ ఒప్పుకున్నడు. తెల్లారి పొద్దుగాల రాయి కాడికి పొయ్యేసరికి స్కూటీ మీద కూసొని ఉన్నడు.

"నువ్వెందుకు వచ్చినవ్?"

"నువ్వు మస్తు ఉరుకుతవంటరు గద చాచా. నా మాల్ రెండు నీ చేతులకే ఉన్నయి. అందుకే బండి తెచ్చిన."

గా మాటకు రోషమొచ్చి ఉరికిన. యాభై అడుగులు గాకముందే, నూట ఇరవై దాటితే వణుకుమని భాయ్ పెట్టిన రెండు గడియారాలు ఒక్కసారే వణికినయి. నూట ముప్పై ఒకటి. ఎనుక స్కూటీ హారన్ కొట్టింది. నిలవడ్డ, నడిచిన. అడుగులు మాత్రం మొదటి నుంచీ లెక్కవెడ్తనే ఉన్న. నా లెక్కల కిలోమీటరంటే పదమూడు వందల పన్నెండు అడుగులు. ఉద్యోగంల గదే, పింఛన్ల గదే.

పదమూడు వందల పన్నెండు అయినయి. రాయి లేదు.

ముందట చూసిన. రాయి దూరంగ, తెల్లగ, నాతోని ఏం సంబంధం లేనట్టు నిలవడి ఉన్నది. నడిచిన. పదిహేను వందలు. పదహారు వందలు. రాయిని ముట్టుకునేసరికి పదహారు వందల తొంభై.

నల్ల గడియారం ఒక కిలోమీటరు మీద పది గజాలు చెప్పింది. మెరిసే గడియారానికి భాయ్ ఫోనే దిక్కు. ఆయన నడుమల పాన్‌డబ్బ కాడ ఆగి ముచ్చట పెట్టిండు. గందుకని నేను గూడ పాన్‌డబ్బ కాడనే ఆగినట్టు, ఆ తర్వాత పత్తి చేన్లకెళ్లి ఎగిరొచ్చినట్టు గీత గీసింది.

"రాయి జరిపిన్రు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కాంట్రాక్టరోళ్లు ఇష్టమొచ్చిన కాడ పాతుతరు" అన్న.

"రాయి తప్పు. ఉపగ్రహం తప్పు. నువ్వొక్కనివే కరెక్ట్, గంతేనా చాచా?"

గంతే అన్న. నల్లది కొన్న. ఎండల అంకెలు కనవడ్తయి, చెమట చేతితోని మీట నొక్కినా మాట వింటది, వారం దాకా చార్జింగ్ అడుగది. కొనాలనుకునేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే: సొంత జీపీఎస్ ఉండాలె, సొరకాయకు గుండె ఉన్నదని చెప్పనిది కావాలె. మిగిలినయన్ని పండుగ బట్టలు.

ఇంటికాడ మా ఇంటామెకు గుండె అంకె చూపెట్టిన, అడుగు సంగతి దాచిన. పెండ్లయిన కాడికెళ్లి దాచినయి శానా ఉన్నయి గని గింత బరువుది లేదు. పదహారు వందల తొంభై అడుగులంటే అడుగుకు రెండు ఫీట్లు గూడ నిండలే. నేను రోజూ నడిచే అయిదు కిలోమీటర్లు నాలుగు గూడ గాదు. ఎప్పుడు తగ్గిందో తెల్వదు. జుట్టు తెల్లబడ్డది అద్దంల చూసిన, పన్ను ఊడింది చేతిల పడ్డది. అడుగు తగ్గినప్పుడు మాత్రం నాకెవ్వలు చెప్పలే.

పంపకానికి ఇంకా మూడు వారాలుండె. అడుగు మళ్ల సాగదీద్దామని పట్టుబట్టిన. ఒక్కొక్క కాలు గుంత దాటినట్టు ఏసిన. రెండున్నర ఫీట్లు వస్తున్నయి గని నూరు అడుగులు గాకముందే గడియారం వణుకుతాంది: నూట ఇరవై ఆరు, నూట ముప్పై. పొట్టి అడుగేస్తే నూట అయిదు కాడ గుండె మంచిగ నడుస్తాంది. అంటే అడుగన్న ఉండాలె, గుండెన్న ఉండాలె; రెండు ఒక్కసారి కావాలంటే గడియారం ఒప్పుకోదు. నా తిప్పలు గోడ మీదికెళ్లి చూసిన మా ఇంటామె, "కొంగ లెక్క ఎందుకు నడుస్తున్నవ్?" అన్నది. గడియారం గట్లనే నడువుమన్నది అన్న. ఆ నిమిషంల నూట పదిహేను చూపెట్టింది. నేను నిలవడే ఉన్న.

దినం వచ్చింది. చెలక కాడ మా అక్క గెట్టు మీద గొంగడి ఏసుకొని కూసున్నది. మేనల్లుండ్లిద్దరు చెరొక దిక్కు నిలవడ్డరు, చేతులల్ల మేకులు. టేపులు గూడ తెచ్చిన్రు, చూపెట్టుకునేందుకు.

చిన్నోడు నా చెయ్యి చూసి, "మామా, జీపీఎస్ గడియారం ఉన్నది గద, అడుగులెందుకు? గదే చెప్పదా?" అన్నడు.

"ఇది ఉరుకుడు కొలుస్తదిరా, భూమి పాలు కొలువది. మూడు నాలుగు గజాలు ఇటో అటో అంటది. గంత జాగల నువ్వు బర్ల కొట్టం ఏస్తవ్."

"అందుకే మామ అడుగే కావాలెనన్న" అన్నడు పెద్దోడు. "రెండున్నర ఫీట్లు, అంగుళం తేడా రాదు."

గా మాట నాదే. నా మాట వాని నోట్లకెళ్లి వస్తుంటే వినబుద్ధి కాలే. ఏం అనకుండ నడిస్తే అయిపోతుండె. కొలిచి, లెక్క చెప్పి, అక్క చేతి అన్నం తిని రావచ్చు. నలభై ఏండ్లు గట్లనే గడిచింది. గని ఒక్కసారి తప్పు కొలిచి గెట్టు పెడితే, వీళ్ల పిల్లలు గూడ గా గెట్టు మీదనే కొట్లాడుతరు, గప్పుడు నా పేరే తీస్తరు.

"నా అడుగు రెండున్నర ఫీట్లు లేదురా" అన్న. "రెండు గూడ లేదు. మొన్న రోడ్డు మీద తేలింది. మీరు టేపు పట్టుకోండ్రి."

ఇద్దరు ఒగల చేతిల టేపు దిక్కు ఒగలు చూసిన్రు. ఆఖరికి పెద్దోడు, "ఎవ్వని టేపు?" అన్నడు. "నాదే" అన్నడు చిన్నోడు. ఇగ మళ్ల షురువైంది.

మా అక్క గొంగడి మీదికెళ్లి లేవకుండనే ఒర్లింది.

"ఏందిరా మీ లొల్లి! మీ మామ అడుగు పొట్టిదైతే ఇద్దరికీ పొట్టిదే గదా! ఒగనికి పొట్టిది, ఒగనికి పొడుగుది ఏస్తడా? సగం జేసేతందుకు ఫీట్లతోని ఏం పని? నడువు తమ్మీ, నువ్వు."

సర్వే ఆఫీసుల ముప్పై ఏండ్లుండి నాకు తట్టని మాట గది. నడిచిన. రెండున్నర ఫీట్లని కాదు, గుండె ఎట్ల చెప్తే గట్ల. తూర్పు గెట్టు నుంచి పడమటి గెట్టుకు రెండు వందల ఎనభై ఆరు. సగం నూట నలభై మూడు. తూర్పు నుంచి గన్ని అడుగులు ఏసి మేకు కొట్టించిన. పడమటి దిక్కుకెళ్లి గన్ని ఏసిన. రెండో మేకు మొదటి మేకు మీదనే రావాలె. రాలే. రెండు మూరల సందు మిగిలింది. మొదటిసారి నడిచినప్పటి కంటే, జరంత గని, అడుగు మళ్ల పొట్టిగైంది.

"మామా, గీ సందు ఎవ్వలిది?" అన్నడు పెద్దోడు.

"గది మీ మామ ముసలితనం" అన్నది అక్క. "అండ్ల గెట్టు పెట్టుండ్రి."

ఇద్దరు పారలు తీసిన్రు. పొద్దు ఎక్కకముందే మన్ను పోసి గెట్టు లేపిన్రు, ఒక్క మాట ఎక్కువ తక్కువ అనుకోలే.

గెట్టుకు జాగ కావాలెనని ముందే లెక్కగట్టి గా సందు వదిలిన అని ఆ మధ్యాహ్నమే రామన్నపేట బస్టాండుల ఇద్దరు ముగ్గురికి చెప్పిన. నమ్మిన్రు. ఒకాయన తన చెలక కూడ కొలువుమని నంబర్ రాసుకున్నడు. అక్క ముందట మాత్రం గా ముచ్చట ఇంకా తియ్యలే.