నిజ్వా బస్సులో యాభై బొమ్మలు

గురువారం గంగారాం ఫోన్ చేయకపోతే నేను నిజ్వా వెళ్లేదాన్నే కాదు. నిజామాబాద్ వైపు మనిషి. నిరుడు ఒమాన్‌లో మేముండే అల్ ఖువైర్‌లో మా బిల్డింగ్‌కు రంగులేయడానికి వచ్చాడు. నేను టీచర్నని తెలిసి శుక్రవారాలు నా దగ్గర అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు నిజ్వాలో పని. "అక్కా, ఎత్తు మీద పనిచేసెటోళ్లకు సేఫ్టీ పరీక్ష పెడుతున్రు. సామాన్ల పేర్లు చెప్పరాక రెండుసార్లు ఫెయిలైన. శనివారం పన్నెండింటికి ఆఖరిది. గిది గూడ పోతే ఇంటికే పంపుతరట," అన్నాడు. వచ్చి నేర్పమంటే కాదనలేకపోయాను.

బీఈడీలో చదివిన ఒక గురువు గుర్తొచ్చాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్ మనిషి, ప్రొటెస్టెంట్ బోధకుడు. యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని తిరుగుతూనే, చదువు అందరికీ రావాలన్నాడు. ముందు సొంత భాషలో చెప్పాలి, భయపెట్టకూడదు, కళ్లకు చూపించాలి అన్నాడు. పిల్లలకు బొమ్మల పాఠాలు తయారు చేసిందీ ఆయనే. ఇంకేం, శుక్రవారమంతా కూర్చుని యాభై బొమ్మల కార్డులు గీశాను.

శనివారం ఆరున్నరకు బుర్జ్ అల్ సహ్వా స్టాపులో బస్సెక్కాను. టికెట్టు రెండు రియాళ్లు, ప్రయాణం రెండు గంటల పైమాటే. కిటికీ బయట కొండలు బాగుంటాయంటారు, నేను చూసింది గడియారాన్నే. నిజ్వాలో టాక్సీ అతను కంపెనీ యార్డుకు రియాలున్నర అంటే బేరమైనా ఆడలేదు. "కిలా నహీ దేఖ్‌నా, మేడం?" కోట చూడరా అన్నాడా ఒమానీ డ్రైవరు. "పహలే ఇమ్తిహాన్," అన్నాను. పాపం, పరీక్ష నాకే అనుకుని దువా చేశాడు.

తొమ్మిదిన్నరకు యార్డు నీడలో మొదటి కార్డు పెట్టాను. వీపుకీ తొడలకీ కట్టుకునే సేఫ్టీ బెల్ట్ అది. గంగారాం చాలాసేపు చూసి, "గాడిద మీదేసే జీనా అక్కా?" అన్నాడు. రెండోదీ తప్పే, మూడోదీ తప్పే. పదిన్నర దాటింది. "రోజూ వేసుకునేదే గుర్తుపట్టలేవా?" అని అరిచేశాను. అతను తల దించుకున్నాడు. ఆ అరుపుతో, అప్పటిదాకా వచ్చిన పేర్లు కూడా మర్చిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ముందు వస్తువు, అది దొరక్కపోతేనే బొమ్మ అని ఆ గురువు చెప్పిన అసలు మాటను నా బొమ్మల మోజులో నేనే మరిచాను.

కార్డులు సంచిలో పడేసి, "నీ బెల్ట్ తీసుకురా గంగారాం," అన్నాను. తెచ్చాడు. తొడుక్కునే ముందు ప్రతి కుట్టునూ బొటనవేలితో తడిమాడు. "గిట్ల రోజూ చూస్త," అన్నాడు. ఒక్కో భాగం పట్టుకుని తన మాటల్లో చెప్పాడు, పరీక్షలో అడిగే పేరు నేను అందించాను. గంటలో అన్నీ వచ్చేశాయి.

పన్నెండింటికి పిలిచారు. తెరిచిన తలుపు బయట నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరవగానే, బెల్ట్ చేతికిస్తే చూపిస్తూ చెబుతానని గంగారాం చేయి చాపాడు. "సాబ్, బెల్ట్ హాత్ మే దో. దిఖాకే బోల్తా." ఆయన విసుగ్గా బల్ల మీది బెల్ట్ ఇచ్చాడు. కుట్లు తడుముతున్న గంగారాం బొటనవేలు సగంలో ఆగింది.

"యే నై పెహెన్తా సాబ్," ఇది తొడుక్కోనన్నాడు.

"పెహెనో!" తొడుక్కోమని ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. కొంప మునిగింది అనుకున్నాను. గంగారాం మాత్రం కదల్లేదు. వీపు దగ్గరి పట్టీ తిప్పి చూపించాడు. కుట్టు సగం విడిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆ కుట్టును తనూ వేలితో లాగి చూశాడు. ఆ బెల్ట్ పక్కన పారేసి, మిగతా ప్రశ్నలు ఒక్కో వస్తువూ చేతికిచ్చి అడిగాడు. చివరికి సంతకం పెట్టాడు. పాస్! నాకు కళ్లు నిండిపోయాయి.

బస్టాపు దాకా వచ్చిన గంగారాం ఒక మాట చెప్పాడు. పొద్దుటి నుంచి అదే బెల్ట్ తొడుక్కుని, పేర్లన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పి ఐదుగురు పాసయ్యారట. దారంతా ఆ ఐదుగురే నా కళ్ల ముందు మెదిలారు. అతనికి నేర్పడానికి వెళ్లానని ఎవరికైనా చెప్పాలంటే ఇప్పుడు మొహమాటంగా ఉంది. నిజ్వా చుట్టుపక్కల కొండలెక్కే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక్క సలహా: గైడు బెల్ట్ ఇస్తే దాని పేరు తర్వాత అడుగుదురు గాని, ముందు కుట్లన్నీ బొటనవేలితో తడిమి చూసుకోండి.