ఒడ్డు తాకని పరావలయం

మా ఊరి బడిలో ఐదో తరగతి చదివి, రేపల్లె వైపు తీరంలో మొదటి ఇంజను బోటు దింపినవాణ్ణి నేను. మనవరాలు జ్యోతిలక్ష్మి పదో తరగతి పాఠం చదివి వినిపిస్తే, అర్థం చెప్పిందీ నేనే. "ఎక్స్ అక్షం మన ఒడ్డమ్మా. ఒడ్డు తాకినచోట ఎత్తు సున్నా. వై సున్నా చేస్తే ఎక్స్ దొరుకుతుంది," అన్నాను. సరళరేఖ ఒకచోట తాకుతుందనీ, పరావలయమనే వంపుగీత రెండుచోట్ల తాకొచ్చనీ, ఒక్కోసారి అసలు తాకదనీ జ్యోతి చకచకా చెప్పేది.

బాపట్ల ట్యూషన్లోనూ అలాగే చెప్పింది. మాస్టారు నవ్వాడు. "తాకనిదంటే ఏంటి, మీ నాన్న బోటు లాంటిదా?"

క్లాసంతా నవ్వింది. నా కొడుకు నాగశివ తుపానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ క్లాసు నుంచి అలాంటి లెక్క వస్తే మాస్టారు "నాగశివ బోటు" అనేవాడు, పిల్లలకు గుర్తుంటుందని.

తెనాలి కాలేజీలో ఉచిత సీటుకు పరీక్ష పెట్టారు. జ్యోతి పైచదువుకు అదొక్కటే దారి. చివరి లెక్కలో ఎక్స్ అక్షాన్ని తాకని పరావలయం గీయాలి. దానికి తెలుసు. అయినా గీతను కిందికి లాగి అక్షానికి తాకించింది. ఆ ఒక్క లెక్కతో సీటు పోయింది.

"తెలిసీ అలా ఎందుకు గీశావే?" అన్నాను.

"నువ్వైతే తాకదని గీసేవాడివా తాతా?" అంది.

ఇప్పుడది కూలికి రొయ్యలు వలుస్తోంది. మాస్టారి క్లాసులో నాగశివ బోటు ఇంకా నడుస్తూనే ఉంది.