రెండో బ్రేకు

డ్రైవింగ్ నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలికింద, రెండోది పక్కన కూర్చుని నేర్పేవాడి కాలికింద. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకునే బతికిన మనిషి కాబట్టి ఆయన్ని మనవాళ్ళంతా బ్రేకు బాబాయి అనేవారు. ఆ కాలు కారు దిగాక తీసేస్తే ఏ గొడవా ఉండకపోను. కానీ ఎవరి సంసారంలో ఏది అడ్డంగా వస్తున్నట్టు కనబడినా బాబాయి టక్కున నొక్కేవాడు. పేరు అంత గట్టిగా అతుక్కుపోవడానికి అసలు కారణం అదీ.

మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పకపోతే అన్యాయమవుతుంది. పరాయి దేశం. సొంత ఊళ్ళో ఎన్నేళ్ళు బండి నడిపినా ఇక్కడ ఆ లైసెన్సు చెల్లదు, మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. మన భాషలో నేర్పేవాడు బాబాయి ఒక్కడే. కొత్తగా దిగిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఆ పాత నీలం కారులో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళే. వాళ్ళు సీటుబెల్టు పెట్టుకునేలోపే "ఏ ఊరు? ఎవరి తాలూకు?" మొదలయ్యేది. అద్దెకు గదులు చూసిపెట్టడం, పనుల్లో కుదర్చడం, అలిగిన మొగుడూపెళ్ళాల మధ్య రాజీ చెయ్యడం, అన్నీ ఆ కారులోనే జరిగిపోయేవి.

దేశం దాటి వచ్చినవాళ్ళు పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నవి కొన్ని, విమానం ఎక్కేముందు అక్కడే వదిలేసి వచ్చినవి కొన్ని. వదిలేసినవాటి గురించి అడగకూడదన్న ఇంగితం ఇక్కడ అందరికీ ఉంది, బాబాయికి తప్ప. క్షౌరశాల పెట్టుకున్న ఒకాయన, తను ఊళ్ళో కాలేజీ లెక్చరర్‌గా చేశానని చెప్పుకునేవాడు. వినేవాళ్ళకి నష్టం లేదు, చెప్పేవాడికి తృప్తి. బాబాయి ఊరుకోక ఆరా తీసి, ఆయన ఆ కాలేజీలో గంట కొట్టేవాడని తేల్చి, ఒక పుట్టినరోజు పార్టీలో నవ్వుతూ అనేశాడు. అందరూ నవ్వారు. పాపం, ఆయనా నవ్వాడు. నెల తిరక్కుండా షాపు ఎత్తేసి వేరే పట్నం వెళ్ళిపోయాడు. "నేనేమన్నానే, ఉన్నమాటేగా!" అని బాబాయి ఇంట్లో భార్యతో అన్నాడు. ఆవిడ అందరికీ పిన్ని. ఆ రోజంతా పిన్ని ఆయనతో మాట్లాడలేదు.

నర్సమ్మ నేర్చుకోవడానికి వచ్చింది ఆ తర్వాతే. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం ఆమె పని. నర్సు కాకపోయినా ఆ పేరే స్థిరపడింది. నలభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది, అడిగినదానికి ముక్తసరిగా చెప్పి ఊరుకుంటుంది. ఆశ్రమంవాళ్ళు మనుషుల్ని తగ్గిస్తున్నారు. ముసలివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను నడపగలిగితే ఆమెకి ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. పరీక్ష దగ్గరపడుతోంది.

"స్టీరింగ్ ఎప్పుడైనా పట్టుకున్నావామ్మా?" అని అడిగాడు బాబాయి.

"లేదండీ బాబాయిగారూ."

"సరే. క్లచ్ మీద కాలు మెల్లిగా వదులు, చూద్దాం."

కారు కుదుపు లేకుండా హాయిగా కదిలింది. అంతలో ఆమెకేదో గుర్తొచ్చినట్టు కాలు దభీమని వదిలేసింది. ఇంజిన్ ఆగిపోయింది. "అయ్యో, ఆగిపోయిందండీ" అంది.

బాబాయి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొత్తవాళ్ళు గేరు మార్చేటప్పుడు గేరు కడ్డీ వంక చూస్తారు. చూడకుండా ఎవరూ ఉండలేరు. ఈమె ఒక్కసారీ చూడలేదు. కొత్తవాళ్ళు చేసే తప్పులన్నీ చేస్తోంది, కొత్తవాళ్ళు పడే భయం మాత్రం పడటం లేదు. ఆమె భయమంతా ఒక్కదానికే. రోడ్డు మీద ఎంత దూరంలో సైకిలు కనబడినా కారుని నత్తనడకకు తెచ్చేసేది. ఆ సైకిలు కనుమరుగయ్యేదాకా ఊపిరి పీల్చుకునేది కాదు.

ఒకరోజు రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. బాబాయి కాలు తన బ్రేకు మీద పడేలోపే ఆమె అద్దం చూసి, గేరు తగ్గించి, కారుని పక్కకి తప్పించి, మళ్ళీ వరసలోకి తెచ్చేసింది. ఆ తర్వాత వచ్చిన సిగ్నల్ దగ్గర కావాలని ఇంజిన్ ఆపేసింది.

బాబాయికి కడుపుబ్బిపోయింది. ఇంటికొచ్చీ రాగానే పిన్నితో చెప్పాడు.

"ఆవిడకి డ్రైవింగ్ వచ్చే! రానట్టు నటిస్తోంది. ఎందుకంటావు?"

"చెప్పాలనిపిస్తే ఆవిడే చెప్తుంది. మీరు ఊరుకోండి."

"నేను ఎవరికైనా చెప్తానన్నానా? ఒక్క మాట కనుక్కుంటానంతే. రేపు ఆ ముసలాళ్ళ ప్రాణాలు ఆవిడ చేతిలో పెడుతున్నాం, తెలుసుకోవద్దూ?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ నర్సమ్మని అడగడం వదిలేసి ఆయన ఫోను చేసింది మాత్రం స్వదేశంలో ఊరూరా తిరిగి విత్తనాలు అమ్మే బావమరిదికి. నర్సమ్మ ఊరి పేరు మొదటిరోజే రాబట్టాడు కదా, అది చెప్పి, అక్కడ బండి నడిపే ఆడమనిషి ఎవరైనా ఉండేదేమో వాకబు చెయ్యమన్నాడు. అలా చెయ్యడం మనవాళ్ళకి అలవాటే, దాన్ని తప్పని ఎవరూ అనుకోరు.

బావమరిది తిరిగి ఫోను చేశాడు. "ఉండేది బావా. పాలకేంద్రం వ్యాను నడిపేదట. ఓ పొద్దున మలుపు దగ్గర ఒక పిల్లాడు మిట్ట మీంచి సైకిలు మీద దూసుకొచ్చి వ్యాను కింద పడి చనిపోయాడట. ఆవిడ తప్పేం లేదని కోర్టు చెప్పింది. అయినా ఊళ్ళోవాళ్ళు బతకనివ్వలేదట. ఎదురొస్తే తలుపులేసుకునేవాళ్ళట. చివరికి ఎటో వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కడుందో ఆవిడ అక్క ఒక్కదానికే తెలుసు."

"ఇన్నాళ్ళూ అంటే?"

"ఇప్పుడు నేను ఊళ్ళో చెప్పాగా, మా బావ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటోందని. ఎందుకడుగుతున్నావయ్యా అంటే ఏదో ఒకటి చెప్పాలి కదా బావా!"

బాబాయి ఫోను పెట్టేశాడు. ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అడిగాడంతే. అడిగినందుకే ఆమె దాక్కున్న చోటు బయటపడిపోయింది.

మర్నాడు నర్సమ్మ క్లాసుకి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. ఆ సాయంత్రం ఎవరో తెలియని మనిషి దగ్గర్నుంచి బాబాయికి ఫోను వచ్చింది.

"నేను ఆ వ్యాను కింద పోయిన పిల్లాడి తండ్రినండీ, మీ బావమరిది నంబరిచ్చాడు. ఆమె నంబరు కావాలి. ఆమెతో ఒక మాట చెప్పుకోవాలి."

"ఏం మాటండీ? నాతో చెప్పండి, నేను చెప్తాను."

"అది మీకు చెప్పే మాట కాదు" అన్నాడు అవతలి మనిషి. గొంతులో ఉన్నది కోపమో దుఃఖమో బాబాయికి అంతుపట్టలేదు. కనుక్కుని చెప్తానని పెట్టేశాడు.

"తిడతాడేమోనే. పరీక్ష ముందు పెట్టుకుని ఆవిడ తట్టుకోలేదు. అసలీ ఫోను రాలేదనుకుంటే సరిపోతుంది" అన్నాడు పిన్నితో.

పిన్నికి ఒళ్ళు మండింది. "బాగుందండీ వరస! అడగొద్దు మొర్రో అంటే అడిగారు. ఇప్పుడు చెప్పాల్సొచ్చేసరికి నోరు కుట్టేసుకుంటారా? అది ఆవిడకొచ్చిన ఫోను. మాట్లాడాలో వద్దో ఆవిడ ఇష్టం. మధ్యలో మీరెవరు?"

బాబాయికి క్షౌరశాల ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున్నే కారు తీసుకుని వృద్ధాశ్రమానికి వెళ్ళాడు. నర్సమ్మ వెనక పెరట్లో తడి దుప్పట్లు ఆరేస్తోంది. ఆయన్ని చూసి కూడా పని ఆపలేదు.

"మా అక్క ఫోను చేసిందండీ" అంది. "ఊరంతా తెలిసిపోయిందట. నేను వేరేచోటికి వెళ్ళిపోతున్నాను."

"అడిగింది నేనేనమ్మా. పొరపాటైపోయింది."

అప్పుడు తిరిగి చూసింది. "మీరెవరండీ అడగడానికి? డ్రైవింగ్ వచ్చంటే ఎక్కడ నేర్చుకున్నావంటారు. అది చెప్తే ఎందుకు మానేశావంటారు. అందుకే రాదన్నాను. రాదన్నా వదల్లేదు మీరు. ఇక్కడ ఎవరూ నన్ను అదోలా చూడకుండా బతుకుతున్నాను. అది కూడా మీకు కంటగింపయిందా?"

బాబాయి తలవంచుకుని అంతా విన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకున్నాక ఫోను సంగతి చెప్పాడు. "ఏం చెప్తాడో నాకు తెలీదమ్మా. మంచో చెడో కూడా తెలీదు. నంబరు ఇదిగో. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను."

ఆమె చేతిలో ఉన్న దుప్పటి నీళ్ళు పూర్తిగా కారిపోయేదాకా అలాగే నిలబడింది. తర్వాత దాన్ని దులిపి ఆరేసి, "కారులో కూర్చుని మాట్లాడతాను" అంది.

స్టీరింగ్ ముందు కూర్చుని ఫోను తీసుకుంది. బాబాయి అలవాటుగా పక్కసీటు తలుపు తెరిచాడు. తెరిచినవాడు మళ్ళీ మూసేశాడు. నేర్చుకునే మనిషిని కారులో ఒంటరిగా వదలడం ఆయన ఎరగడు. నాలుగడుగులు నడిచి, ఆశ్రమం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఒకసారి ఏడుపు వినబడినట్టయింది. అది ఆమెదో, ఫోనులోదో తెలీలేదు. అయినా వెనక్కి తిరగలేదు.

కాసేపటికి హారన్ మెల్లిగా మోగింది. వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నర్సమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అద్దాలు సర్దుకుంది, కారు తీసింది. ఈసారి ఇంజిన్ ఆగలేదు. రెండు వీధులు దాటింది.

"ఆ సైకిలుకి బ్రేకుల్లేవట బాబాయిగారూ" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "బాగుచేద్దామని ఆ తండ్రే విప్పాట్ట, బిగించడం మర్చిపోయాట్ట. తెలీక పిల్లాడు తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళూ కట్టుకున్నదానికి కూడా చెప్పలేదట. ఊరు నన్ను తిడుతుంటే చూస్తూ ఊరుకున్నానమ్మా అన్నాడు."

మరి నువ్వేమన్నావు? ఆ ప్రశ్న బాబాయి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాడు. రెండు కాళ్ళూ వెనక్కి, సీటు కిందికి లాక్కున్నాడు.

ముందు పల్లం మొదలైంది. కింద మలుపులో ఎవరో చిన్నపిల్ల సైకిలు తొక్కుకుంటూ ఎదురొస్తోంది. నర్సమ్మ ఆ పిల్లని చూసింది, వేగం తగ్గించింది, దారిచ్చి ముందుకు సాగింది.