పచ్చ టిక్కును నమ్మని మాస్టారు

మాస్టారు పోయారు. ఎవరో సోఫా అమ్ముతామంటూ పెట్టిన ఫొటోకీ, ఇంకెవరో కొత్త బిర్యానీ హోటల్ గురించి పెట్టిన మెసేజ్‌కీ మధ్య, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూశాను. కాసేపట్లోనే దాని కింద వరసగా నమస్కారం బొమ్మలు. "గొప్ప విద్యావేత్త" అని ఒకరు, "మన పిల్లల అదృష్టం" అని ఇంకొకరు. రాసినవాళ్లలో సగంమంది రెండేళ్ల కిందట ఆయన్ని క్లాసు నుంచి తప్పించినవాళ్లే. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? ఆయన్ని తప్పించడంలో నా వాటా కూడా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన అమెరికాలో, డాలస్ పక్కనున్న కాపెల్‌లో మా పక్కింటావిడ తండ్రి. గుంటూరు వైపు ఒక కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికొచ్చారు. మా తెలుగు కుటుంబాలు శనివారాలు క్లబ్‌హౌస్‌లో నడిపే సైన్స్ క్లాసుకి రమ్మంటే వెంటనే ఒప్పుకున్నారు. ఎండాకాలంలో కూడా ఏసీకి భయపడి స్వెటరు వేసుకొచ్చేవారు. పొడుగు పెన్సిలైతే పిల్లలు వెనకాల కొరుకుతూ కూర్చుంటారని, బ్లేడుతో రెండు ముక్కలు చేసి జేబులో వేసుకొచ్చేవారు. డబ్బాలో పల్లీ ఉండలు తెచ్చేవారు. "తెలీదు" అని ధైర్యంగా చెప్పినవాళ్లకి ఒకటి ఎక్కువ.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆ క్లాసు కోసం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మోడల్ ఒకటి తయారుచేశాను. తెరమీద ఒక పెట్టె, అందులో గాలి అణువులుగా ఎర్రటి బంతులు. స్లైడర్ జరిపి వేడి పెంచితే బంతులు జోరుగా తిరుగుతాయి, పీడనం అంకె పెరుగుతుంది. కింద అయిదు ప్రశ్నలు. సరైన జవాబు నొక్కితే పచ్చ టిక్కు. అయిదూ పచ్చబడితే సర్టిఫికెట్. దాన్ని చూసుకుని నేను మురిసిపోని రోజు లేదు.

ఆ మోడల్ తెచ్చిన మొదటి శనివారం పిల్లలందరికీ అయిదేసి టిక్కులు వచ్చాయి. మాస్టారు అన్నీ చూసి, "లాప్‌టాప్‌లు మూసేయండి నాన్నా. ఆ పెట్టెలో ఏముందో కాగితం మీద గియ్యండి" అన్నారు. అందరూ ఎర్ర బంతులు గీశారు. బంతుల మధ్యంతా నీలం రంగు పులిమారు.

"ఈ నీలం ఏమిటి తల్లీ?" అని మా అమ్మాయిని అడిగారు.

"ఎయిర్, తాతగారూ."

"మరి ఈ బంతులు?"

"అవి కూడా ఎయిర్."

తెల్లగా ఉంటే వెలవెలబోతోందని తెరకి నీలం వేసింది నేనే. నవ్వొచ్చింది నాకు. "మాస్టారూ, అది జస్ట్ బ్యాక్‌గ్రౌండ్ కలర్. బంతుల మధ్య ఏమీ ఉండదు కదా" అన్నాను.

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకి చెప్పావా? నీ ప్రోగ్రాముని నువ్వు టెస్ట్ చేశావమ్మా. పిల్లల్ని ఎవరు టెస్ట్ చేశారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నాకా చెప్పేది అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన తన పద్ధతి పెట్టారు. స్లైడర్ ముట్టుకోకముందే ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో కాగితం మీద రాయాలి. నడిపి చూశాక ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, "బొమ్మ చెప్పింది సరే, నువ్వేమంటావు?" అని అడిగేవారు. "ఈ బొమ్మలో అబద్ధమేది?" అనీ అడిగేవారు. "తప్పైనా సొంత తప్పయితే దిద్దొచ్చు. అరువు తెచ్చుకున్న ఒప్పుని ఏం చేసుకుంటాం?" అనేవారు. అలా నెల రోజులు గాలి దగ్గరే ఉన్నారు.

తల్లిదండ్రులకి అది మింగుడుపడలేదు. "పక్క కమ్యూనిటీ కిడ్స్ ఆరు మోడ్యూల్స్ ఫినిష్ చేశారండీ, మనోళ్లు ఇంకా గాలి తింటున్నారు" అన్నాడు క్లాసు నడిపే కమిటీ పెద్ద. "పిల్లల్ని కన్ఫ్యూజ్ చేస్తున్నారు, కాన్ఫిడెన్స్ పోతోంది" అన్నారు ఇంకొకరు. పిల్లలు తమ మాటల్లో చెప్పేదాకా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టనని ఆయన అన్నారు. అంతే, కమిటీవాళ్లు ఆయన్నే తీసేద్దామన్నారు. ఆయన చెప్పింది నిజమని అప్పటికి నాకు తెలుసు. అయినా నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నాను. పక్కింటిదాన్ని కదా అని, ఆయనకి చెప్పే పని నాకే అప్పగించారు.

"చలికాలం కదా మాస్టారూ, మీ మోకాళ్లకి ఇబ్బంది. కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి" అన్నాను. ఛీ! ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆయనకి అర్థమైంది. "సరేనమ్మా. మీ అమ్మాయి దగ్గరదాకా వచ్చింది. ఇంకొన్ని వారాలు ఎవరైనా ఊరికే అడుగుతూ ఉంటే పట్టుకుంటుంది. నువ్వు అడుగు" అన్నారు.

నేను అడగలేదు. అలాంటివే ఇంకో అయిదు తయారుచేశాను. మా అమ్మాయి ఆరు మోడ్యూళ్లూ పచ్చ టిక్కులతో ముగించింది. సర్టిఫికెట్లకి ఫ్రేములు కట్టించి హాల్లో పెట్టాను.

సంతాప సభ అదే క్లబ్‌హౌస్‌లో జరిగింది. కమిటీ పెద్ద కళ్లు తుడుచుకుంటూ మాట్లాడాడు. నన్ను పిలిస్తే ఈ కథంతా చెప్పేద్దామనే లేచాను. ఎదురుగా కూర్చున్న మొహాలు చూసి, "చాలా మంచివారు" అని కూర్చున్నాను. వాళ్లని అనడానికి నాకేం నోరుంది?

బయటికొస్తే చలి కొరికేస్తోంది. కారు స్టార్ట్ చేయగానే టైర్లలో ప్రెషర్ తగ్గిందని పసుపు లైటు వెలిగింది. మా అమ్మాయి పక్క సీట్లో ఉంది. ఇప్పుడు ఎనిమిదో క్లాసు.

"టైర్‌లోంచి గాలి ఎక్కడికీ పోలేదే. బాగా చలి పడింది, అంతే. లోపల అణువులు ఏం చేస్తుంటాయి?" అన్నాను.

"ఆప్షన్స్ ఏంటి అమ్మా?"

"ఆప్షన్స్ లేవు. నువ్వే చెప్పు."

అది టైరు గురించి ఆలోచించలేదు. నా మొహంలోకి చూసింది. "స్లో అవుతాయి...?" అంది.

అదే సరైన జవాబు. నేను ఏడుపు ఆపుకుంటున్నాను, నా కనుబొమలు ముడిపడ్డాయేమో.

"నో, నో! ఫాస్ట్. ఫాస్ట్ అవుతాయి" అనేసి, ఊపిరి బిగపట్టి నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.